గ్లైడరు వైమానికునకు పారాచూటు: ఎన్నిక యెట్లుండవలెను?

ఇంజను లేని విమానమును గ్లైడరు అందురు. గ్రద్ద రెక్క లాడింపక, ఎండకు కాగిన నేలనుండి లేచు వేడిగాలి పొంగు నాశ్రయించి, చుట్లు తిరుగుచు ఎట్లు మీదికి పోవునో గ్లైడరును అట్లే పోవును. దానికి ఇంజనే లేదు గావున నడుమ నాగిపోవునను భయము లేదు. పెట్రోలు లేదు గావున నిప్పంటుకొనునను భీతియు లేదు. అందుచే ఈ క్రీడ నెఱుగనివారు దీనికి పారాచూటు ఎందులకని ప్రశ్నింతురు. ఎఱిగినవారిలో ననేకులు ప్రశ్నింపరు, కొందురు. కాని కొనునపుడు దాని వెలను చూతురేగాని అది చేయవలసిన పనిని చూడరు. మొదటివారి యజ్ఞానమువలన ఎవరికిని ముప్పు లేదు. రెండవవారి యుపేక్ష ప్రాణహానికి దారితీయును. కావున నేటి మా మాటలు ముఖ్యముగా వారి నుద్దేశించియే వ్రాయుచున్నాము.

గ్లైడరునకు గల ముప్పు దాని గుణమునుండియే పుట్టుచున్నది. వేడిగాలి పొంగు ఉన్న చోటనే ఎత్తు లభించును. కావున ఒక పొంగులో ఒకటి చేరినంతనే మఱి నాలుగు అచ్చటికే చేరును. పందెముల దినములలో ఒకే పొంగునందు పదియిరువది గ్లైడరులు మీదను క్రిందను చుట్లు తిరుగుచుండుట కలదు. అందొకటి మఱియొకదానిని తాకినచో రెక్కయో తోకయో విఱుగును. విఱిగిన పిమ్మట దానిని నడపుట ఎంతటి నేర్పరికిని సాధ్యము కాదు. సమీపించు గ్లైడరును ముందుగా తెలుపు ఫ్లార్మ్ అను పరికరము 2004లో స్విట్జర్లాండున వెలువడి నేడు పెక్కు దేశములలో వ్యాపించినది. అది ముప్పును తగ్గించినది గాని తొలగింపలేదు. 2006 ఆగస్టు 28వ తేదీన అమెరికాలోని నెవాడా రాష్ట్రమున సుమారు 16,000 అడుగుల ఎత్తున ఒక హాకర్ జెట్ విమానమును ఒక గ్లైడరును డీకొనినవి. గ్లైడరు అదుపు తప్పెను. దానిలోని యొక్క వైమానికుడును బయటబడి, పారాచూటు విప్పుకొని, ప్రాణములతో నేల దిగెను. జెట్టులోని యైదుగురును బ్రదికిరి. ఆనాడు ఆ వైమానికుని వీపున నున్న మూట ఆయన ప్రాణమునకు మాఱు నిలిచినది. అట్టి మూటను ఎన్నుకొనుట అల్పవిషయ మగునా?

ఈ యుపేక్ష క్రొత్తది కాదు. ఫ్రెంచి దేశీయుడగు గార్నెరిన్ 1797లోనే పారిసు నగరమున బెలూను నుండి పారాచూటుతో దిగి చూపెను. అయినను మొదటి మహాయుద్ధమున బ్రిటిషువారు బెలూనులలో కూర్చుండి శత్రువులను కనిపెట్టువారికి పారాచూటు లిచ్చిరే గాని, విమానములు నడపువారి కీయరైరి. మన దేశమున బార్సీ లైట్ రైల్వేను నిర్మించిన ఎవరార్డ్ కాల్‌త్రాప్ అను ఇంజనీరే అప్పుడు ‘గార్డియన్ ఏంజెల్’ అను పారాచూటును తయారుచేసి అధికారుల యెదుట నుంచెను. బరువనియు, చోటు చాలదనియు, ఇంకను పరీక్షింపవలెననియు కాలము గడపిరి. జర్మనులు 1918లో తమ వైమానికులకు పారాచూటుల నొసగిరి. ఆ సంవత్సరము జూను 29వ తేదీన ఎర్నెస్ట్ ఉడెట్ అను ప్రసిద్ధ వైమానికుడు దానివలననే బ్రదికెను. సాధనము లేక చచ్చుట వేఱు. సాధన ముండియు పెద్దల యుదాసీనతచే చచ్చుట వేఱు. నేడు అంగడిలో సాధనమునకు లోటు లేదు. ఉదాసీనత మాత్రము అధికారుల నుండి కొనువారికి సంక్రమించినది.

ఐనచో దేనిని చూచి ఎన్నుకొనవలెను? మా యభిప్రాయమున ఎన్నికకు మూలసూత్ర మొక్కటే. గ్లైడరులో హాయిగా గడచు అయిదు గంటలను తలచి గాక, ఎన్నడో రాగల ఆ యొక్క దుర్నిమిషమును తలచి ఎన్నుకొనవలెను. ఆ నిమిషమున జరుగవలసిన పనులు మూడు: తలమీది అద్దపు మూతను విడగొట్టి పాఱవేయుట, ఆసనపు పట్టెలను విప్పుకొనుట, బయటపడుట. ఈ మూడును జరిగిన పిదప గాని పారాచూటు పని మొదలు కాదు. విఱిగిన గ్లైడరు సెకనుకు 100 అడుగుల చొప్పున పడుచున్నదనుకొన్నచో, ఈ మూడు పనులకు 10 సెకనులు పట్టినయెడల 1,000 అడుగులు పోయినట్లే. తరువాత పారాచూటు విచ్చుకొనుటకు మఱి రెండు మూడు సెకనులు కావలెను. గ్లైడరు శాస్త్రమునకు ఆద్యుడగు ఒట్టో లిలియెంతాల్ 1896లో సుమారు 15 మీటర్ల ఎత్తునుండి పడి మఱునాడు మరణించెను. అంత తక్కువ ఎత్తున ఏ పారాచూటును కాపాడజాలదు. ఎత్తే ఇచ్చట మూలధనము. దానిని మిగుల్చునది మంచి పారాచూటు. దుబారా చేయునది తగని పారాచూటు.

కొనువాడు మొట్టమొదట చదువవలసినది బట్టపై కుట్టిన చీటీని. ఎంత బరువుగల మనిషికి, ఎంత వేగమువఱకు అది పనికివచ్చునో ఆ చీటీపై వ్రాసియుండును. అమెరికా ప్రభుత్వపు ప్రమాణములలో ఒకదాని ప్రకారము పారాచూటులు మూడు తరగతులు: మొదటిది 198 పౌనుల బరువునకు, 130 నాట్ల వేగమునకు, రెండవది 254 పౌనులకు, 150 నాట్లకు, మూడవది 254 పౌనులకు, 175 నాట్లకు. 130 నాట్లనగా గంటకు సుమారు 241 కిలోమీటర్లు. నేటి గ్లైడరులలో పెక్కింటికి మీఱరాని వేగము గంటకు 250 మొదలు 280 కిలోమీటర్ల వఱకు కలదు. రెక్క విఱిగి ముక్కు క్రిందుగా పడు గ్లైడరు ఆ హద్దును మన్నించునని యెవరు చెప్పగలరు? కావున మొదటి తరగతి పారాచూటు చౌకగా దొరకినను వేగవంతమైన గ్లైడరులకు అది తగినది కాదు. బరువు విషయమునను ఇంతే. చీటీపై నుండు బరువు ఒంటి బరువు మాత్రమే కాదు. దుస్తులు, పాదరక్షలు, జేబులోని సామాను, పారాచూటు మూట, ఇవి యన్నియు చేరిన బరువు. 180 పౌనుల మనిషి ఆ మూటతో కూడి 198 పౌనుల హద్దును చేరుట సులభము.

గొడుగు వైశాల్యము రెండవ విషయము. ప్రమాణముల ప్రకారము అత్యవసర పారాచూటు సెకనుకు 24 అడుగులకు మించిన వేగముతో దింపరాదు. ఇది తొమ్మిది అడుగుల గోడపైనుండి దూకుటతో సమానము. శిక్షణ గల యువకునకు అది కష్టము కాదు. నలువది యేబది యేండ్లు దాటి, ఎన్నడును దూకి యెఱుగనివాడు మడమనో మోకాలినో విఱుగగొట్టుకొనును. 1919 ఏప్రిల్ 28వ తేదీన చేతితో లాగి విప్పుకొను పారాచూటుతో అమెరికాలో తొలిసారిగా దూకి చూపిన లెస్లీ ఇర్విన్ వంటి నేర్పరికే ఆనాడు దిగునపుడు చీలమండ విఱిగెను. ఒకే గొడుగున బరువు నూటికి 25 వంతులు పెరిగినచో దిగు వేగము నూటికి 12 వంతులు పెరుగును. 5,000 అడుగుల ఎత్తుగల పీఠభూములపై గాలి పలుచన గావున మఱి 8 వంతులు పెరుగును. మూట పలుచగా నుండవలెనని చిన్న గొడుగును కోరువారు ఈ లెక్కను మనస్సునందుంచుకొందురు గాక. ఆసనములో రెండంగుళముల సుఖము కొఱకు నేలమీద ఎముకలను ఒత్తె పెట్టుట వివేకము కాదు.

గుండ్రని గొడుగా, నలుచదరపు గొడుగా యను వివాద మొకటి కలదు. నలుచదరపుది రెక్కవలె ముందునకు సాగును. పట్టెలు లాగి కావలసిన చోట దింపవచ్చును. నేర్చినవాని చేతిలో మృదువుగా దిగును. దీనిని చూచి ముచ్చటపడి కొనువారున్నారు. కాని గ్లైడరు వైమానికులలో అధికసంఖ్యాకులు జీవితమున ఒక్కసారియైనను దూకినవారు కారు. దెబ్బ తగిలి సగము తెలివి తప్పియున్నవాడు నలుచదరపు గొడుగును నడపలేక గాలివాలున పోయినచో, దాని ముందు నడకయు గాలి వేగమును కలిసి అతనిని నేలకు విసరికొట్టును. గుండ్రని గొడుగు మందమైనది, బుద్ధి తక్కువది. కాని తన్ను నడపుమని యెవ్వరిని అడుగదు. దూకుట యభ్యసించినవారు నలుచదరపుదానిని కోరుట తగును. తక్కినవారు చాలినంత పెద్దదగు గుండ్రని గొడుగుతో తృప్తి చెందుటయే మేలు.

ఇంకను తీవ్రమైన వివాదము, చేతితో లాగునదా, తనంతట విచ్చుకొనునదా యనునది. రెండవ పద్ధతియందు ఒక త్రాటి కొన గ్లైడరునకు కట్టియుండును. మనిషి బయటపడగానే ఆ త్రాడు బిగిసి మూటను విప్పును. జర్మనీ దేశమున ఇది విశేషముగా వాడుకలో నున్నది. తలకు దెబ్బ తగిలినవాడును, భయముచే పిడిని మఱచినవాడును దీనివలన బ్రదుకుదురు. కాని దోషములును లేకపోలేదు. ఎక్కునపుడు త్రాటిని తగిలింప మఱచినచో తనంతట విచ్చుకొనదు. దిగునపుడు విప్ప మఱచినచో మైదానమునందే మూట విడిపోవును. గింగిరాలు తిరుగు గ్లైడరు ప్రక్కనే గొడుగు విచ్చుకొనినచో రెక్కకో తోకకో చిక్కుకొను ప్రమాదమును కలదు. 1918లో ఉడెట్ ధరించినదియు త్రాటి పద్ధతిదే. ఆయన పట్టె తోకకు చిక్కుకొనగా పెనుగులాడి విడిపించుకొనెనని చరిత్ర చెప్పుచున్నది. కావున మా మాట యిది. ఒకే గ్లైడరును ఒకడే నడపుచు నియమము తప్పనివానికి త్రాటి పద్ధతి మేలు. దినమునకు పదిమంది చేతులు మాఱు క్లబ్బులలో, ఎల్లవారును ఒకే పద్ధతి నేర్చుకొని ప్రతి యెగురుటకును పిడిని చేతితో తడవి చూచుకొను నియమముతో చేతి పద్ధతియే మేలు. రెండు పద్ధతులను ఒకే కొట్టులో కలిపి యుంచుట మాత్రము అన్నిటికంటె కీడు. ఒకదాని కలవాటుపడినవాడు రెండవదానిని ధరించిననాడే ఆపద రావచ్చును.

పలువురు పరీక్షింపని చిన్న విషయము మఱియొకటి కలదు. అది పట్టెల బిళ్ళ. పారాచూటు బిళ్ళయు, ఆసనపు పట్టెల బిళ్ళయు ఒకే తీరున నున్నచో, కంగారులో చేయి ఆసనపుదానికి మాఱుగా పారాచూటుదానిని విప్పును. ఈ పొరపాటు ఎంతటివానికైనను సంభవింపగలదు. ఏలయన ఆ నిమిషమున చేతికి అలవాటే గాని ఆలోచన యుండదు. కావున చూపునకును, చేతిస్పర్శకును వేఱుగా తెలియు బిళ్ళను ఎన్నుకొనవలెను. మఱియు ప్రతిదినమును దిగునపుడు పారాచూటును ఆసనమునందే విప్పి వదలక, ధరించియే బయటికి వచ్చుట నేర్చుకొనవలెను. నిత్యము చేయునదే ఆపదయందును చేయుదుము. కొనుటకు ముందు మూటను ధరించి, తాను నడపు గ్లైడరులోనే కూర్చుండి మూత మూసి చూడవలెను. తల మూతకు తగులుచున్నదా? కాళ్ళు పెడలులకు అందుచున్నవా? తొడపట్టెలు బిగించియు కూర్చుండవచ్చునా? తొడపట్టెలను వదులుగా నుంచుకొనువాడు గొడుగు విచ్చుకొనునపుడు కలుగు కుదుపునకు ఘోరముగా గాయపడును. మూటను మెత్తగా చేయుటకై దాని క్రింద దూది దిండు వేయుట మఱియొక దురభ్యాసము. గట్టిగా దిగినపుడు మెత్తని దిండు వెన్నెముకను కాపాడక, అణగి తిరిగి ఎగదన్ని మఱింత బాధించును.

ఇక పాత సరకు మాట. క్రొత్త పారాచూటు వెల యెక్కువయనుట నిజమే. అందుచే ఇరువది ముప్పది యేండ్లనాటి మూటలు చేతులు మాఱుచున్నవి. పట్టు బట్ట స్థానమున వచ్చిన నైలాను చెడదని యొక భ్రమ వ్యాపించియున్నది. ఎండ తగిలినను, ఆమ్లము తగిలినను నైలాను బలము కోల్పోవును. కంటికి మాత్రము క్రొత్తదివలెనే యుండును. 1980 ప్రాంతమున తయారైన కొన్ని గుండ్రని గొడుగులలో కుట్టిన వలగుడ్డ ఆమ్లగుణము గలదై, ప్రక్కనున్న నైలానును తినివేయుచున్నట్లు తరువాత బయటపడెను; మడతలోనున్న గొడుగు మడతలోనే చచ్చుచుండెను. కొందఱు తయారీదారులు 15, 20 ఏండ్లను తమ పారాచూటుల ఆయుఃప్రమాణముగా నిర్ణయించుట ఇందుకే. అమెరికా చట్టము నైలాను పారాచూటును 180 దినములలోపల అర్హుడగు నిపుణునిచే విప్పించి, పరీక్షించి, తిరిగి మడతపెట్టింపవలెనని శాసించుచున్నది. తయారైన తేదీయు, మడతపెట్టిన తేదీల చీటీయు చూపని యమ్మకమువాని యొద్ద కొనుట, పత్రములు చూడక పొలము కొనుటవంటిది. పొలము పోయినచో దావా వేయవచ్చును. ప్రాణమునకు అప్పీలు లేదు.

కొందఱు ఇట్లనవచ్చును: “విమానమును మొత్తముగా దింపు పెద్ద పారాచూటులు వచ్చినవి గదా, వీపు మూట యేల?” ఆ యుపాయము మెచ్చదగినదే. మనిషి బయటపడవలసిన యక్కఱ లేదు గావున తక్కువ ఎత్తునను అది కాపాడగలదు. జర్మనీలో ఆసనము క్రింది సంచిలోనికి గాలి నింపి మనిషిని పైకెత్తి బయటపడుటకు సాయపడు ‘నోవా’ అను ఏర్పాటును డి.జి. గ్లైడరుల సంస్థ కనుగొన్నది. క్రొత్తగా గ్లైడరు కొనువారు వీనిని తప్పక యోచింపవలెను. కాని వేలకొలది పాత గ్లైడరులకు వీనిని అమర్చుటకు వీలులేదు. అవి యెగురుచున్నంతకాలము వీపు మూటయే దిక్కు. ప్రపంచ గ్లైడరు పందెముల నియమములు ప్రతి పోటీదారును పనికివచ్చు పారాచూటును ధరింపవలెనని విధించుటయు ఇందువలననే.

మన దేశమున ఈ క్రీడ పుణె సమీపమున హడప్సరులోని గ్లైడింగు కేంద్రమువంటి కొలది స్థలములకే పరిమితమైయున్నది. ఐనను రోహిణి, అశ్వని, భరణి, కార్తిక్, ఆర్ద్ర యని నక్షత్రముల పేర గ్లైడరులను నిర్మించుకొనిన దేశము మనది. పారాచూటులు కుట్టు కర్మాగారమును కాన్పూరులో 1941 నుండి నడచుచున్నది. 2021లో ఏర్పడిన గ్లైడర్స్ ఇండియా లిమిటెడ్ అను ప్రభుత్వ సంస్థ క్రిందికి అది వచ్చినది. నేర్పు గల చేతులకు మనకు కొదువలేదు. ఏ దేశపు క్లబ్బుల పెద్దలకైనను మా విన్నపము ఒక్కటే. లావుపాటివానికిని బక్కవానికిని ఒకే మూటను తగిలించి పంపకుడు. బరువులవారీగా పారాచూటుల నుంచుడు. ప్రతిదాని చీటీని గోడమీద వ్రాయుడు. సంవత్సరమున కొక్కసారియైనను గ్లైడరును నేలమీద నిలిపి, గడియారము చేతబట్టి, మూత తీసి పట్టెలు విప్పి బయటపడుటను ప్రతివానిచేత అభ్యసింపజేయుడు. పది సెకనులలో బయటపడువానిని ఆరు సెకనులలో బయటపడునట్లు చేసినచో 400 అడుగులు మిగిలినట్లే. ఏ ధరకు కొన్న పారాచూటును ఇన్ని యడుగులను మిగుల్పజాలదు.

మన పల్లెలలో తాడి చెట్టెక్కు గీతగాడు బడికి పోయి శాస్త్రము చదివినవాడు కాడు. ఐనను తన మోకును తన నడుమునకు తగినట్లు తానే చేసికొనును. ప్రతి యుదయమును చేతితో సాగదీసి, పీచు పీచుగా తడవి చూచి గాని చెట్టు ముట్టడు. దానిని ఎరువిమ్మని అడిగినచో నవ్వును. మోకు వెల యెంతయని అతడు లెక్కింపడు. అది తెగినచో ఏమగునో అతనికి తెలియును. వేల రూకలు వెచ్చించి ఆకాశమున గ్రద్దవలె విహరింప నెంచు విద్యావంతుడు తన పారాచూటు విషయమున ఆ గీతగానిపాటి వివేకమైనను చూపవలదా?